వాడ దాకా రాని పారదర్శకత

ప్రతి ఏడాది ఆరంభంలో ఒక అంకె మన పత్రికల్లో ప్రధాన వార్త అవుతుంది. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 1995 నుంచి వెలువరిస్తున్న అవినీతి సూచీలో భారతదేశం ఎన్నో స్థానంలో ఉందన్నదే ఆ వార్త. 2024 సూచీలో 180 దేశాల్లో మనది 96వ స్థానం. వందకు 38 మార్కులు. అంతకుముందు ఏడాది 39 మార్కులతో 93వ స్థానం. మార్కులు తగ్గితే ప్రతిపక్షం ప్రభుత్వాన్ని నిలదీస్తుంది. పెరిగితే ప్రభుత్వం తన భుజాన్ని తానే తట్టుకుంటుంది. ఆ అంకెను ఎవరిని అడిగి తయారుచేశారన్న ప్రశ్న మాత్రం ఇరుపక్షాలకూ తట్టదు. దేశాల ఆర్థిక స్థితిగతులను అంచనా వేసే నిపుణులు, వ్యాపార సంస్థల నిర్వాహకులు ప్రభుత్వ యంత్రాంగం గురించి ఏమనుకుంటున్నారో సేకరించి, ఆ అభిప్రాయాలను కలిపి లెక్కగట్టగా వచ్చే అంకె అది. పరిశ్రమకు అనుమతి ఇవ్వడానికి అధికారి ఎంత ఆశిస్తాడో ఆ సూచీకి తెలుసు. కుల ధ్రువీకరణ పత్రం కోసం మూడు రోజుల కూలి పోగొట్టుకుని తహసీల్దారు కార్యాలయం మెట్ల మీద కూర్చున్న తండ్రి సంగతి దానికి తెలియదు.

ఆ సూచీ అబద్ధమని నేననడం లేదు. అది అడిగిన ప్రశ్నకు అది జవాబు చెబుతోంది. అదే సంస్థ భారత విభాగం, సెంటర్ ఫర్ మీడియా స్టడీస్‌తో కలిసి 2007లో మరొక ప్రశ్న అడిగింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబాలు రేషను, ఆసుపత్రి, బడి, పోలీసు స్టేషను వంటి పదకొండు రకాల సేవల కోసం ఒక్క ఏడాదిలో చెల్లించిన లంచం సుమారు 883 కోట్ల రూపాయలని ఆ అధ్యయనం అంచనా వేసింది. ఉచితంగా రావలసిన వాటికి, హక్కుగా దక్కవలసిన వాటికి, ఏమీ లేనివాళ్లు కట్టిన మొత్తం అది. ఏటా వచ్చే సూచీకి దొరికే ప్రచారంలో పదో వంతు కూడా ఈ అధ్యయనానికి దొరకలేదు.

అయితే నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఈ లంచం లెక్క కూడా కాదు. విశ్వవిద్యాలయంలో ప్రవేశాల కాలం వచ్చిందంటే నా గదికి ఏటా ఒకరిద్దరు విద్యార్థులు దాదాపు ఒకే కథతో వస్తారు. మొన్నటి ప్రవేశాల్లో ఒక అమ్మాయి వచ్చింది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పీజీలో సీటు వచ్చింది. డిగ్రీ చదివిన ప్రైవేటు కళాశాల అసలు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు కాబట్టి ఆ మొత్తం ఇంటి నుంచి తెచ్చి కట్టి పత్రాలు తీసుకుపొమ్మన్నారు. కళాశాల యాజమాన్యం తమకు రెండేళ్లుగా డబ్బు అందలేదంటుంది. సంక్షేమ శాఖ బిల్లులు పంపామంటుంది. ఖజానా శాఖలో బిల్లు క్యూలో ఉందంటారు. ఈ వరుసలో ఎవరూ ఆ అమ్మాయిని లంచం అడగలేదు. అడిగి ఉంటే నోట్లకు రసాయనం పూసి, చేతులు కడిగించి, ఎర్రబడిన నీటిని సీసాలో పోసుకుని అవినీతి నిరోధక శాఖ వారు కేసు కట్టి ఉండేవారు. ఇక్కడ కడగడానికి చేయి ఎవరిదో తెలియదు. బడ్జెట్‌లో ఆమె పేరున రాసిన డబ్బు ఒకచోట ఆగింది, లేదా మరోచోటికి పోయింది. ఆ మరోచోటు ఏమిటన్నది ఆమెకు చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. నా దృష్టిలో ప్రభుత్వ నిజాయితీని కొలవడం మొదలుపెట్టవలసిన చోటు ఇది.

దళితుల, ఆదివాసుల పేరున కేటాయించిన ధనం దారి మళ్లడం ఈ దేశంలో కొత్త కాదు. జనాభా నిష్పత్తిలో ప్రణాళికా నిధులను విడిగా కేటాయించాలన్న ఆలోచన ఆదివాసులకు ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలోనూ, దళితులకు 1970ల చివర్లోనూ రూపు దిద్దుకుంది. ఆంధ్రప్రదేశ్ కేడరు ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ దళితుల ప్రత్యేక ప్రణాళికకు రూపశిల్పి. మూడు దశాబ్దాల పాటు అది మార్గదర్శక సూత్రంగానే ఉండిపోయింది. సూత్రాన్ని ఉల్లంఘించిన వారికి శిక్ష లేదు. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల ఏర్పాట్లకు దళితుల ఉపప్రణాళిక నుంచి 744 కోట్ల రూపాయలు మళ్లించారని ఒక హక్కుల సంస్థ సమాచార హక్కు చట్టం ద్వారా సేకరించిన పత్రాలతో బయటపెట్టింది. నాటి హోం మంత్రి చిదంబరం రాజ్యసభలో ఆ మళ్లింపు తప్పేనని అంగీకరించారు. ఆ క్రీడల్లో జరిగిన కుంభకోణాల మీద కేసులు నడిచాయి, కమిటీలు కూర్చున్నాయి, అరెస్టులు జరిగాయి. వాడల డబ్బు స్టేడియాలకు పోవడం మాత్రం నేరం కాలేదు. పొరపాటుగా మిగిలిపోయింది.

తెలుగునాట దళిత, ఆదివాసీ సంఘాలు చేసిన సుదీర్ఘ పోరాటం ఫలితంగా 2012 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఉపప్రణాళిక చట్టాన్ని ఆమోదించింది. 2013 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. దేశంలో ఇటువంటి చట్టం అదే మొదటిది. 2001 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో దళితులు 16.2 శాతం, ఆదివాసులు 6.6 శాతం; ప్రణాళికా వ్యయంలో ఆ మేరకు వారి వాటాను చట్టం హక్కుగా మార్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుని, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి బదలాయించాలన్న నిబంధన చేర్చింది. కాగితం మీద ఇది మంచి మార్పే.

చట్టం తలుపు మూసింది కానీ కిటికీ తెరిచి ఉంచింది. రోడ్డు, వంతెన, ప్రాజెక్టు వంటి విభజించడానికి వీలులేని పనుల్లో కొంత భాగాన్ని దళితుల కోసం, ఆదివాసుల కోసం ఖర్చయినట్లుగా పరిగణించవచ్చునన్నదే ఆ వెసులుబాటు. పరిగణించడం అన్న ఈ ఒక్క క్రియాపదం మీద ఎంత ధనం ప్రయాణిస్తున్నదో విద్యార్థులు ఒకసారి పరిశీలించాలి. దళితుడు కూడా ఆ రోడ్డు మీద నడుస్తాడు కనుక రోడ్డులో అతని వాటా ఉంది. ఆ వాటా అతని పద్దు నుంచి పోతుంది. రోడ్డు అందరిదీ అయినప్పుడు అందరి పద్దులోంచే పోవాలి కదా అని అడిగితే జవాబు ఉండదు. సార్వజనీన పథకాల్లో దళిత లబ్ధిదారులను లెక్కగట్టి ఆ మొత్తాన్నీ ఈ ఖాతాలోనే చూపిస్తారు. అందరితో పాటు వచ్చేది ప్రత్యేకం ఎలా అవుతుంది? అంతరాన్ని పూడ్చడానికి ఉద్దేశించిన ధనాన్ని అందరికీ ఇచ్చే దానితో కలిపి చూపిస్తే పుస్తకంలో అంకె నిండుతుంది, అంతరం ఉన్నచోటే ఉంటుంది.

ఇందులో అక్రమం ఏదీ లేదు. ఏ అధికారీ జేబులో వేసుకోలేదు. అందుకే ఇది 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి గాని, 1983 నుంచి మనకున్న లోకాయుక్తకు గాని అందదు. పొరుగున కర్ణాటక కూడా 2013లోనే ఇటువంటి చట్టం చేసింది. ఖర్చయినట్లుగా పరిగణించే వెసులుబాటు అందులోని ఏడవ సెక్షనులో ‘డి’ అన్న అక్షరం కింద ఉండేది. దళిత సంఘాలు పదేళ్లు పోరాడిన మీదట 2023లో దాన్ని తొలగించారు. తొలగించాక కూడా గ్యారంటీ పథకాలకు ఉపప్రణాళిక నిధులు వాడుతున్నారన్న విమర్శ అక్కడ ఆగలేదు. కాబట్టి ఒక అక్షరం కొట్టివేస్తే సమస్య తీరుతుందన్న భ్రమ నాకు లేదు. అయినా ఆ అక్షరం కొట్టివేయడం సాధ్యమేనని ఒక రాష్ట్రం నిరూపించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రధాన పార్టీ అయినా దాన్ని ఎన్నికల ప్రణాళికలో రాసుకుంటే చూడాలని ఉంది.

అవినీతిపరుడి బొమ్మ మన మనసుల్లో ఎలా ఉందన్నది కూడా ఇక్కడే మాట్లాడుకోవాలి. 2013 జనవరిలో జైపూర్ సాహిత్యోత్సవంలో సామాజికవేత్త ఆశిష్ నందీ, అవినీతిపరుల్లో ఎక్కువమంది వెనుకబడిన, దళిత కులాల నుంచి, ఇప్పుడు ఆదివాసుల నుంచి కూడా వస్తున్నారని అన్నారు. పెద్ద వివాదమైంది, కేసులు నమోదయ్యాయి, సుప్రీంకోర్టు ఆయన అరెస్టును నిలిపివేసింది. పై కులాల అవినీతి కంటికి కనిపించదన్నదే తన ఉద్దేశమని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. ఆయనను జైలుకు పంపాలన్న వారితో నేను నాడూ ఏకీభవించలేదు. కానీ ఆ వాక్యాన్ని ఏ ఆధారమూ అడగకుండా తలలూపి విన్న సభ గురించి ఆలోచించవలసిందే. హైదరాబాదుకు చెందిన దళిత నాయకుడు బంగారు లక్ష్మణ్ 2001లో ఒక రహస్య కెమెరా ముందు లక్ష రూపాయలు అందుకుంటూ దొరికారు; 2012లో కోర్టు నాలుగేళ్ల శిక్ష విధించింది. ఆయన చేసింది తప్పు, దానికి సమర్థన లేదు. ఇదే హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ సంస్థకు 2008లో ఉత్తమ సంస్థాగత పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. కొద్ది నెలలకే, 2009 జనవరి 7న, వేల కోట్ల రూపాయల లెక్కలు తప్పని ఆ సంస్థ అధిపతి రామలింగరాజే లేఖ రాశారు. 2015లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషిగా తేల్చింది. లక్ష రూపాయల ఉదంతం ప్రస్తావనకు వచ్చిన ప్రతిసారీ ‘తొలి దళిత అధ్యక్షుడు’ అన్న మాట వెంట వస్తుంది. వేల కోట్ల ఉదంతంలో కులం ప్రస్తావన నేనెక్కడా చదవలేదు. రాకూడదు కూడా. ఒకరి విషయంలో పాటించిన ఆ మర్యాద మరొకరికి ఎందుకు లేకపోయిందన్నదే ప్రశ్న. నిజాయితీకి ఇచ్చే మార్కులు, పురస్కారాలు ఎంత నమ్మదగినవో చెప్పడానికి ఆ నెమలి బొమ్మ ఒక్కటి చాలు.

మరి నమ్మదగిన కొలత ఎక్కడైనా ఉందా? ఉంది. అది పుట్టింది కూడా పేదల మధ్యనే. 1990లలో రాజస్థాన్ గ్రామాల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల మస్టరు రోళ్లను ఊరి నడుమ చదివి వినిపించింది. సమాచార హక్కు చట్టానికీ, సామాజిక తనిఖీకీ మూలం అదే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షనులో గ్రామసభకు తనిఖీ అధికారం ఇచ్చింది. దాన్ని 2006 నుంచి పెద్ద ఎత్తున అమలు చేసి, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. కూలీ కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. లెక్కలు చూసే పని కరణాల కాలం నుంచీ ఏ కులాల చేతుల్లో ఉందో గుర్తున్నవారికి ఇది చిన్న మార్పుగా తోచదు.

కొన్నేళ్ల క్రితం పరిశోధక విద్యార్థులతో కలిసి రాయలసీమలోని ఒక మండల కేంద్రంలో జరిగిన ప్రజావేదికకు వెళ్లాను. షామియానా కింద అధికారుల బల్ల, ఎదురుగా కూలీలు. ఒక మాదిగ స్త్రీ పేరున పద్నాలుగు రోజుల పని రాసి ఉంది. డబ్బు డ్రా అయింది. పనికి వెళ్లావా అని అడిగితే మొదట జ్ఞాపకం లేదంది. ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే నిలబడి ఉన్నాడు. అతని తండ్రి పొలంలోనే ఆమె కూలికి పోతుంది. తనిఖీ బృందంలో వేరే మండలం నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి వెళ్లి ఆమె పక్కన కింద కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించలేదు. కాసేపటికి ఆమె లేచి, ‘నేనీడ లేను సార్, ఆ నెలంతా బెంగుళూరులో ఉంటి’ అంది. రికవరీకి ఆదేశం రాశారు. తరువాతి పంటకాలంలో ఆమెను ఆ పొలానికి పిలవలేదని నా విద్యార్థి ఒకరు తెలుసుకుని చెప్పాడు. డబ్బు తిరిగి వచ్చిందో లేదో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

ఈ తనిఖీల శక్తి, పరిమితి రెండూ ఆ ఒక్క మధ్యాహ్నంలో కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికల మీద ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనాలూ దాదాపు ఇదే చెప్పాయి: అక్రమాలు బయటపడతాయి, కానీ రికవరీ అయ్యేది తక్కువ, ఉద్యోగం పోయేవారు అతి తక్కువ. తప్పును చూపించే పని వాడకు అప్పగించి, శిక్షించే పని మాత్రం పాత చేతుల్లోనే ఉంచుకున్నాం.

చూపించే పని కూడా ఇప్పుడు కష్టమవుతోంది. సమాచార హక్కు చట్టంలోని ఎనిమిదవ సెక్షను, వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించే ముందు ప్రజాప్రయోజనాన్ని తూచమని చెప్పేది. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరునికీ నిరాకరించరాదన్న రక్షణ కూడా అక్కడే ఉండేది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ నిబంధనను మార్చి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటనే మినహాయింపుగా నిలిపింది. ఇతరత్రా ప్రజాప్రయోజన నిబంధన మిగిలే ఉందని ప్రభుత్వం అంటోంది. నిజమే, ఉంది. కానీ కింది స్థాయి సమాచార అధికారి అంత దూరం ఆలోచిస్తాడా, మొదటి వాక్యం చూపి దరఖాస్తు వెనక్కి పంపుతాడా అన్నది అనుభవం ఉన్నవారికి తెలుసు. మస్టరు రోలులో ఉండేది పేర్లే. ఉపకార వేతనాల జాబితాలో ఉండేది పేర్లే. అసైన్డ్ భూముల రిజిస్టరులో ఉండేదీ పేర్లే. ఆ రాయలసీమ స్త్రీ పేరు చదవకుండా ఆమె పేరున జరిగిన దొంగతనాన్ని పట్టుకునే ఉపాయం ఏదైనా ఉంటే చట్టం చేసినవారు చెప్పాలి.

అప్పీలు చేసుకుందామంటే సమాచార కమిషన్ల పరిస్థితి తెలిసిందే. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, ఒక్క కమిషనరూ లేరు. రెండు ప్రభుత్వాల హయాంలో జరిగిన నిర్లక్ష్యం ఇది. ఒక పార్టీ మీద వేసి చేతులు దులుపుకోలేం. కమిషనర్లుగా ఎవరు వస్తారన్నదీ ఈ పుట పాఠకులు అడగవలసిన ప్రశ్నే. 2013 నాటి లోక్‌పాల్ చట్టం సభ్యుల్లో కనీసం సగం మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన తరగతుల, మైనారిటీ వర్గాల వారు, స్త్రీలు ఉండాలని చెప్పింది. అన్నా హజారే ఉద్యమ కాలంలో దళిత సంఘాలు పట్టుబట్టి ఉండకపోతే ఆ ఊసు వచ్చేది కాదేమో. సమాచార హక్కు చట్టంలో అటువంటి నిబంధన లేదు. ప్రజాజీవితంలో ప్రముఖులు అయితే చాలు. విశ్రాంత అధికారులే అత్యధికంగా ప్రముఖులు కావడం వింతేమీ కాదు.

ఇక అడిగినవాడి ప్రాణం సంగతి. 2018 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ జిల్లాలో, తన ఊరి రోడ్డు పనుల ఖర్చు గురించి సమాచారం కోరిన ఒక దళిత యువకుణ్ణి కొట్టి చంపారు. అక్రమాలను వెల్లడించేవారి రక్షణకు పార్లమెంటు చేసిన చట్టానికి 2014 మేలోనే రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమలులోకి తెస్తూ నోటిఫికేషన్ ఇవ్వడం మాత్రం జరగలేదు. మరోవైపు 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి, అధికార నిర్ణయాలకు సంబంధించిన ఆరోపణలపై దర్యాప్తు ప్రారంభించడానికే ముందస్తు అనుమతి కావాలన్నారు. లంచం ఇచ్చినవాడినీ నేరస్థుణ్ణి చేసి, బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే తప్పించుకోవచ్చన్నారు. పింఛను కోసం ఐదు వందలు ఇచ్చిన వితంతువు ఏడు రోజుల్లో పోలీసు స్టేషనుకు వెళ్లగలదని ఊహించినవారు ఏ పోలీసు స్టేషను చూసి ఊహించారో!

ఉపప్రణాళిక వ్యయానికి సామాజిక తనిఖీని తప్పనిసరి చేయడం ఈ పరిస్థితుల్లో తక్షణం జరగవలసిన పని. ఉపాధి హామీ పనులకు చేయగలిగినది వీటికి చేయలేమనడానికి కారణం లేదు. శిక్షణ పొందిన మనుషులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఫలానా వాడకు ఫలానా ఏడాదిలో ఏం వచ్చింది, ఏది వచ్చినట్లుగా పరిగణించారు అన్నది ఆ వాడలోనే, రచ్చబండ దగ్గర కాదు, చదివి వినిపించాలి. తేలిన తప్పు మీద చర్య తీసుకోవడానికి గడువు ఉండాలి. సాక్ష్యం చెప్పినవారికి పని పోతే ఎవరు బాధ్యులో ముందే రాసుకోవాలి.

విద్యార్థులు చేయగలిగినది దీనికంటే సులభం. రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లో దళితుల ఉపప్రణాళిక కింద చూపే ఉపపద్దు 789, ఆదివాసులది 796. ఏ శాఖ పుస్తకం తెరిచినా ఈ అంకెల పక్కన ఒక మొత్తం ఉంటుంది. ఒక శాఖను, ఒక ఏడాదిని తీసుకుని, ఆ మొత్తంలో నేరుగా వాడకు చేరిందెంత, పరిగణించిందెంత అని పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. సర్టిఫికెట్ల కోసం నా గదికి వచ్చిన ఆ అమ్మాయి తన జిల్లా సంక్షేమ శాఖకు అటువంటి దరఖాస్తే పెట్టింది. ముప్పై రోజులు దాటాయి. మొదటి అప్పీలు రాస్తోంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 36, తెలంగాణ శాసనసభలో 31 ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు స్థానాలున్నాయి. ఆమె ప్రశ్ననే ఆ 67 మందిలో ఎవరైనా వచ్చే బడ్జెట్ సమావేశాల్లో అడిగితే, జవాబు కోసం ఆమె కమిషన్ దాకా వెళ్లనక్కరలేదు.